పాట తెలిసినవారికే ఎక్కువ ఓపిక కావాలి

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం పాట కట్టడం వచ్చినవారికే మరింత కష్టం. ఏమీ రానివారు తెర మీంచి ఏ శబ్దం వచ్చినా మురిసిపోతారు. పాట కట్టేవారికి తలలో పూర్తి పాట మోగుతూ ఉంటుంది, స్పీకర్లలోంచి వచ్చేది దానికి ఆమడ దూరంలో ఉంటుంది. ఆ తేడా భరించలేక ఎందరో నెల తిరగకుండానే వదిలేస్తున్నారు. దాన్ని ప్రతిభ లేకపోవడంగా భావించడం అన్యాయం.

మొదటి రోజే ఎదురయ్యే చిక్కు చూడండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాడితే మన గొంతు మనకే ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. లోపం తనదేనని పాడేవారు కుంగిపోతారు. నిజానికి బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కాస్త కాస్తగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వ, 1024 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన చిన్న చిన్న ముక్కల) దగ్గర ఉండిపోయింది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన ఆ ఒక్క బఫరే దాదాపు 23 మిల్లీసెకన్ల జాప్యం. 128కి తగ్గిస్తే అది సుమారు 3కి దిగుతుంది, కానీ ప్రాసెసర్‌పై భారం పెరిగి చిటపటలు మొదలవుతాయి. అందుకే రికార్డింగ్‌కు తక్కువ, రికార్డు చేసినవాటిని కలిపి సరిచూసే మిక్సింగ్‌కు ఎక్కువ పెట్టుకుంటారు. సొంత పాట పాడబోయి తడబడి కారణం వెతికినవారికి ఈ విషయం ఇక మరపురాదు. గొంతులోని హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ కూడా అంతే. థ్రెషోల్డ్, రేషియో, అటాక్, రిలీజ్ అని వీడియోలో వింటే ఏదీ బుర్రకెక్కదు. పల్లవిలో మెల్లగా పాడిన మాట గిటార్ కింద మునిగిపోయి, చరణంలో ఎత్తుకున్న స్వరం చెవులు చిల్లులు పొడుస్తుంటే, ఆ నాలుగూ ఎందుకున్నాయో ఒక్క పూటలో అర్థమవుతుంది.

కాబట్టి పాఠాలన్నీ పూర్తయ్యాకే పాట మొదలుపెడదామనుకోవడం తలకిందుల పద్ధతి. ఒక పాట ఎత్తుకోండి, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ప్లగిన్లతోనే (శబ్దాన్ని పుట్టించే, మార్చే చిన్న ఉపకరణాలతోనే) చివరిదాకా తీసుకెళ్లండి, ఎలా వచ్చినా సేవ్ చేసి రెండోదానికి వెళ్లండి. 1979లో వచ్చిన పోర్టాస్టూడియో క్యాసెట్ రికార్డర్‌లో నాలుగే ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసుకునే వరుసలు. అంతకు మించి వాయిద్యాలు చేర్చాలంటే మూడు నిండగానే వాటిని నాలుగో ట్రాకులోకి కలపాలి, కలిపి పాతవాటిపై రికార్డు చేశాక విడదీయలేరు. అక్కడ నిర్ణయం తప్పనిసరి. ఇప్పుడు ట్రాకులకు లెక్కలేదు, అన్‌డూకు అంతులేదు, నిర్ణయమూ రేపటికే. కొత్త ప్లగిన్ల వేటలో గడిపే రాత్రులను మనం సాధన అనుకుంటున్నాం.

పాట రాసేవారికి ఈ తలనొప్పి ఎందుకు, తెలిసినవారికి అప్పగిస్తే పోలేదా అంటారు కొందరు. విడుదలకు ముందు చేసే తుది మెరుగు, అదే మాస్టరింగ్, అప్పగించండి, అభ్యంతరం లేదు. కానీ డెమో కూడా సొంతంగా చేసుకోలేనివారు ‘ఇంకాస్త నిండుగా ఉండాలి’ అనడం దగ్గరే ఆగిపోతారు. ఏది పెంచాలో, ఏది తీసేయాలో చెప్పలేరు.

నా అసలు ఆందోళన వేరే ఉంది. రెండు వాక్యాలు టైప్ చేస్తే పాట మొత్తం చేతిలో పెట్టే కృత్రిమ మేధ వచ్చేసింది. ఇక ఈ కష్టమంతా దండగ అనే మాట గట్టిగా వినిపిస్తోంది. ఆ కష్టంలోనే పాట తిరిగి రాయబడుతుందన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు. గొంతు సరిచేయడానికి ఒకే చరణాన్ని పదేపదే లూప్‌లో వింటున్నప్పుడే, రెండో పాదంలో ఒక మాట ఎక్కువైందని, పల్లవి రావడానికి మరీ ఆలస్యమవుతోందని తెలుస్తుంది. అప్పుడు కలం మళ్లీ చేతిలోకి వస్తుంది. సరిగ్గా ఆ గంటలనే మనకు ఆదా చేసిపెడతామని ఈ ఉపకరణాలు నమ్మబలుకుతున్నాయి.