నక్షత్రం నొక్కి, ఆరు నొక్కండి

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలాన్ని అడ్వెంట్ అంటారు. 2020లో దాని మొదటి ఆదివారం నవంబరు 29న వచ్చింది. కరోనాతో మూతపడ్డ ప్రార్థనా మందిరాలు తెరుచుకోవచ్చని జూన్‌లోనే అనుమతి వచ్చినా, అరవై అయిదు దాటినవాళ్లు ఇల్లు కదలకుంటే మంచిదన్నారు. మా చర్చి సంఘంలో ఆ వయసు దాటనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాళ్లలోనూ సగం మంది పాటలు పాడే క్వయర్‌లోనే ఉంటారు. ఇది చాలదన్నట్టు, 25 అర్ధరాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన నివర్ తుపాను, మిగిలిన వానంతా తెచ్చి కడప మీద కుమ్మరించింది. ఊళ్లోని బుగ్గవంక వాగు పొంగింది. పల్లపు వీధుల్లో బియ్యం మూటలు మంచాలెక్కాయి, మంచాలు మిద్దెలెక్కాయి.

"ఫోనులో ఆరాధన పెట్టుకుందాం" అన్నారు మా పాస్టరు అయ్యగారు.

వీడియో మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్ల చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లు. పైగా నాలుగు రోజులుగా కరెంటు వస్తూ పోతూ ఉంటే చార్జింగ్ నిలిచింది కూడా వాటిలోనే. బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేసుకుంటున్న మా సంఘపు కుర్రవాడొకడు, అందరూ ఒకే నంబరుకు ఫోన్ చేసి కలిసే ఏర్పాటు చేశాడు. నియమం ఒక్కటే. లైనులోకి రాగానే నక్షత్రం నొక్కి, ఆరు నొక్కాలి. అప్పుడు మన ఇంటి చప్పుళ్లు మన ఇంట్లోనే ఉంటాయి.

క్రిస్మస్ ముందు క్రైస్తవుల ఇళ్లలో నక్షత్రం నొక్కమంటే ఏమవుతుందో పాపం అతనికి తోచలేదు. ఎర్రముక్కపల్లె అవ్వ గొంతు లైనులో ఖంగుమంది.

"ఒరేయ్, వసారాలో నక్షత్రం నొక్కమంటున్నారు, నిచ్చెన వేసుకో."

"కరెంటు లేదవ్వా."

"దేవుని పనికి కరెంటెందుకురా? నొక్కు."

"వానకు నానిపోయింది. నొక్కితే చిల్లు పడుతుంది."

మిగిలినవాళ్లు సరిగ్గానే నొక్కారు. కానీ పనైందో లేదోనన్న అనుమానంతో ఇంకోసారి నొక్కారు. ఒకసారి నొక్కితే మూసుకునేది, రెండోసారికి తెరుచుకుంటుంది. ఆ విధంగా కుక్కర్లు, కోళ్లు, మనవళ్లు, అందరితో కలిసి సంఘం సమకూడింది.

తర్వాత కొవ్వొత్తి. ఆచారం ప్రకారం ఆదివారానికొకటి చొప్పున నాలుగు వెలిగించాలి. మూడు ఊదా రంగువి, మూడో ఆదివారానికి మాత్రం గులాబీ రంగుది. తుపాను తర్వాత కడపలో తెల్ల కొవ్వొత్తి దొరికితేనే పండగ. కాబట్టి ఎవరి దగ్గర ఏది ఉంటే అది వెలిగించమన్నారు అయ్యగారు. ఒక టీచరమ్మ తెల్లదానికి ఊదా రంగు జాకెట్టు ముక్క చుట్టి వెలిగించబోతే, అత్తగారు ఆ ముక్కను సమయానికి కాపాడారు. ఇంకొకాయన తన కొవ్వొత్తి కరెంటు కోతల్లో కరిగి రెండంగుళాలే మిగిలిందనీ, నాలుగు వారాలకు సరిపెట్టాలి కనుక ఈ రోజుకు అర నిమిషం వెలిగించి ఆర్పేస్తాననీ విన్నవించుకున్నారు. మరో ఇంట్లో బిడ్డ పుట్టినరోజు నాటి "1" అంకె కొవ్వొత్తి ఉందట. మొదటి ఆదివారానికి ఇంతకంటే తగినది లేదని అందరూ మెచ్చుకున్నాక, మరి రెండో వారానికి ఏం చేస్తారని ఎవరో అడిగారు.

"వాడికింకా రెండో ఏడు రాలేదండీ" అంది తల్లి దిగులుగా.

పాట గురించి చెప్పకపోవడమే మర్యాద. పల్లవి దగ్గర బయలుదేరినవాళ్లు ఎవరి దారిన వాళ్లు ఆమెన్ చేరుకున్నారు.

వాక్యం చదివే ముందు మా ట్రెజరర్ గారి ఇంటి వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. "ఎర్రగడ్డలూ, టమాటాలూ, అనపకాయలూ" అని బండి మీది మైకు ఆయన ఫోనులో దూరి మా అందరి చెవుల్లో తేలింది. ఆపైన బేరం. చర్చికి సున్నం వేయిద్దామంటే మూడేళ్లుగా పైసా కదపని ఆయన, అనపకాయల దగ్గర అంతకంటే గట్టిగా నిలబడ్డారు. చివరికి బండివాడు వెళ్లిపోయాడు. లైనులో ఒక అక్క నిట్టూర్చింది.

"అయ్యో, తీసుకోవలసింది అన్నా. మా వీధిలో నీళ్లు, బండి రావడం లేదు. నాకూ ఒక కిలో చెబుదామనుకుంటున్నాను."

ఈ సందు చూసుకుని రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు అడ్వెంట్ కొవ్వొత్తుల చరిత్ర అందుకున్నారు. 1839లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర విషెర్న్ అనే పాస్టరు పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడట. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ ప్రాణం తోడేస్తుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపి రోజుకొకటి వెలిగించాడట. మామూలు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి.

"ఎద్దుల బండిదా సార్, గుర్రపు బండిదా?" అని ఒక పెద్దాయన అడిగారు. సారు జవాబు చెప్పలేదు. తరగతిలో ప్రశ్నకు ఆయన జవాబు చెప్పకపోవడం కడపలో ఎవరూ ఎరుగరు.

అయ్యగారు మార్కు సువార్త పదమూడో అధ్యాయం తెరిచారు. యజమాని ఎప్పుడు వస్తాడో తెలియదు కాబట్టి సేవకులంతా మెలకువగా ఉండాలన్న భాగం. రెండు వచనాలైనా అయ్యాయో లేదో, లైనులో గురక మొదలైంది. చిన్నాచితకా గురక కాదు, చివర ఈల కూడా ఉంది.

"ఎవరిదో తెలిసింది, ఆ లైను నేను కట్ చేస్తాను" అన్నాడు కుర్రవాడు.

"వద్దు నాయనా" అని హెడ్‌మాస్టరు గారి భార్య పక్కగదిలోంచి వేరే ఫోనులో అడ్డుపడింది. "సెప్టెంబరులో ఆక్సిజన్ మీద ఉన్న మనిషి. ఇంటికొచ్చినా రాత్రంతా దిండ్లకానుకుని కూర్చోవడమే. ఈ గురక విని మూడు నెలలైంది. ఉండనివ్వండి."

ఎవరూ ఏమీ అనలేదు. అయ్యగారు గొంతు సవరించుకోబోయి మానుకున్నారు. మెలకువగా ఉండవలసిన అవసరం గురించి, ఆయన నిద్ర చెడకుండా, గుసగుసగా ప్రసంగించడం మొదలుపెట్టారు.

"అయ్యగారూ, వినబడటం లేదు, గట్టిగా" అంది ఎర్రముక్కపల్లె అవ్వ.

"ష్!" అంది సంఘం.

సరిగ్గా అప్పుడు కూరగాయల బండి, వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. "ఎర్రగడ్డలూ" అని మైకు మొత్తుకుంది. గురక ఒక్క క్షణం తడబడింది. ట్రెజరర్ గారి చెప్పుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, ఆపైన ఆయన గొంతు వినిపించాయి.

"నీ అనపకాయలన్నీ నువ్వడిగిన ధరకే తీసుకుంటాను. ముందు ఆ మైకు ఆపు నాయనా!"

"అన్నా" అంది అక్క, బాగా గొంతు తగ్గించి, "నాకు రెండు కిలోలు."