ఎండిన కట్టె అని చెప్పి పచ్చి కట్టె అంటగట్టారు

పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగానో లేదో, పక్క గదిలో టప్‌మని చప్పుడు. గిన్నె పడిందనుకున్నాను. వెళ్లి చూస్తే బల్ల మీది చెక్క పై అంచు నుంచి జానెడు పొడవున చీలిపోయి ఉంది.

పంతొమ్మిది రోజుల పని అది. దాని మీద చెక్కింది పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం బొమ్మ. నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు, పొద్దంతా గర్భగుడిలో నిలిచే ఆ నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ నీడ కోసమే సన్న ఉలితో వందల గీతలు తీశాను. రాత్రి స్కూలు పేపర్లు దిద్దడం అయ్యాక పన్నెండు దాకా కూర్చుని తీశాను. చీలిక సరిగ్గా ఆ నీడ మధ్యలో నుంచే పోయింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. నేను చేసేది చెక్క అచ్చు. చెక్క మీద బొమ్మను తిరగేసి చెక్కి, రోలర్‌తో ఇంకు పట్టించి, కాగితం పరిచి, వెనక చెంచాతో రుద్ది అచ్చు తీయడం. చెక్క కొంచెం వంకర తిరిగినా ఒక మూల ఇంకు అంటదు, ఇంకో మూల అలుక్కుపోతుంది. తలుపు చెక్క చీలితే లప్పం పెట్టి రంగు వేస్తారు. నా చెక్క చీలితే ప్రతి అచ్చులోనూ ఆ తెల్ల గీత పడుతుంది.

ఈ చెక్క నెల కిందట ఒక టింబర్ డిపోలో కొన్నాను. రెండు ముక్కలు, పంతొమ్మిది వందలు. మూడుసార్లు అడిగాను, "అన్నా, ఎండిందేనా?" అని. "రెండేండ్లు ఎండిన మాల్ మేడం, పాత టేకు, గ్యారంటీ" అన్నాడు. చేతికి బరువుగా తగిలింది. కోసిన చోట పచ్చి వాసన కూడా వచ్చింది. ఒక అంచున చేవ పట్టని తెల్ల భాగం కనిపించింది. అది చూపిస్తే, "ఇంత చిన్న ముక్కకు ఇన్ని ప్రశ్నలా మేడం? దర్వాజలకు కొనేటోళ్లు కూడ ఇన్ని అడగరు" అన్నాడు. వెనక నలుగురు నిలబడి చూస్తున్నారు. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఈరోజు ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "కట్టె అన్నంక పగుల్తది మేడం. మీరు ఫ్యాన్ కింద పెట్టినరేమో. సార్‌ను పంపుండ్రి, మాట్లాడుత."

సార్‌ను ఎందుకు పంపాలి? ఉలి పట్టింది నేను. డబ్బులు నావి. చెక్క గురించి మా ఆయనకు నేను చెప్పాలి తప్ప ఆయన వచ్చి ఇతనితో ఏం మాట్లాడతాడు?

కట్టె అన్నాక పగులుతుంది, నిజమే. ఎందుకు పగులుతుందో కూడా చెప్పాలి కదా. పచ్చి కట్టెలో నీళ్లుంటాయి. మన నల్గొండ ఎండకు పైభాగం త్వరగా ఆరి కుంచించుకుపోతుంది, లోపలి భాగం ఇంకా తడిగానే ఉంటుంది. ఆ గుంజులాటలో చీలుతుంది. మొద్దు నడిబొడ్డు కలిసిన పలక అయితే ఇంకా తొందరగా చీలుతుంది. అందుకే అంగుళం మందానికి ఒక ఏడాది నీడలో ఆరబెట్టాలని పాత వడ్రంగులు చెప్తారు. పలకల మధ్య గాలి ఆడేలా సన్న కర్రలు పెట్టి, కోసిన చివరలకు మైనమో రంగో పూసి పేర్చాలి. ఆ డిపోలో ఇవేవీ లేవు. నిన్న కోసింది, పోయిన ఏడు కోసింది ఒకే గోడకు ఆనించి ఉన్నాయి. మీలో ఎవరైనా కొనేటట్టుంటే ఇది గుర్తుపెట్టుకోండి: ముక్క తెచ్చి వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిన రోజే అది ఎండినట్టు. నేను ఈసారి తూకం వేయలేదు. నోటి మాట నమ్మాను.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఎవరిని అడిగినా "టేకే బెస్ట్" అంటారు. పెడనలో కలంకారీ అచ్చులకు టేకు వాడతారు, ఎందుకంటే అవి పదే పదే రంగులో తడిసినా వంకర తిరగవు. అది బట్టకు. కాగితం మీద వెంట్రుకంత గీత కావాలంటే టేకు రంధ్రాలు అడ్డొస్తాయి, దానిలోని ఇసుక గుణానికి ఉలి పదును పోతుంది. నాకు నిజంగా కావాల్సింది పాలకొడిసె. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర అదే. తెల్లగా, నున్నగా, కత్తికి వెన్నలా లొంగుతుంది. ఆ పేరు చెప్తే డిపోలో, "అది పొయ్యిల కట్టె మేడం" అని పంపించేశారు. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి తెప్పిస్తానన్నారు ఇంకొకరు. పొణికి మరీ మెత్తన, బొమ్మకు మంచిది, సన్న గీత నిలవదు. ప్లైవుడ్ వాడమని సలహా ఇచ్చేవాళ్లకు: వాడాను. పై పొర కాగితమంత, దాని కింద అతుకుల మధ్య ఖాళీలు. చెక్కుతుంటే ఉలి ఆ గుంటలో దిగిపోతుంది, ముక్క లేచి వస్తుంది.

కాగితం సంగతి ఎత్తితే ఇంకా మండుతుంది. హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో, "చేత్తో రుద్ది అచ్చు తీస్తాను, ఏ కాగితం ఇస్తారు?" అని అడిగితే 300 జీఎస్‌ఎం మందం కాగితం అంటగట్టారు. ప్రెస్ కింద అయితే సరే, చెంచాతో అంత మందం కాగితం మీద ఇంకు ఎక్కుతుందా? నా భుజం పడిపోయింది, అచ్చు సగమే వచ్చింది. వాపసు ఇస్తానంటే, "నల్గొండ నుంచి దీనికోసం వచ్చారా?" అన్నారు. అవును, దీనికోసమే బస్సెక్కి వచ్చాను. నల్గొండ మనిషికి మంచి కాగితం అక్కర్లేదా? నిజాం కాలంలో మన కోరుట్లలో చేసిన కాగితం పట్వారీల లెక్క పుస్తకాలకు పోయేది. ఇప్పుడు చేతి కాగితం కావాలంటే జైపూర్ పక్కన సాంగానేర్ నుంచి తెప్పించుకోవాలి. ఇంకు మాత్రం ఊళ్లోనే దొరుకుతుంది. పెళ్లి కార్డుల ప్రెస్ ఆయన ఆఫ్‌సెట్ ఇంకు చిన్న డబ్బాలో తీసి ఇస్తాడు, ఏ రంగు ఎంత జిగటగా ఉంటుందో చెప్పి మరీ ఇస్తాడు.

నాకు ఇంతవరకు అబద్ధం చెప్పని ఇంకో మనిషి మా ఊరి కమ్మరి తాత. లారీ కమాను పట్టీ ముక్కతో నాకు వంపు ఉలి కొట్టి ఇచ్చాడు. ఇచ్చే ముందు తనే ఒక వేప ముక్క మీద గీసి చూశాడు. "మెత్త కట్టెకు ఆగుతది బిడ్డా. చింతకట్టె మీద పెట్టకు, అంచు పోతది" అన్నాడు. నూట యాభై తీసుకున్నాడు. పంతొమ్మిది వందలు తీసుకున్న మనిషి చెప్పని నిజం ఆయన చెప్పాడు.

చింత అంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. ఆరేళ్ల కిందట మా ఊరి రోడ్డు వెడల్పు చేశారు. రెండు పక్కలా మా తాత పుట్టకముందు నుంచి ఉన్న చింతచెట్లు. ఒక్కో మొదలును ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందేది కాదు. మటన్ దుకాణంలో కత్తి దెబ్బలు తినే మొద్దు చూడండి, అది చింతే. అడ్డంగా కోసిన మొద్దు కాబట్టే ఏళ్ల తరబడి ఆ దెబ్బలకు ఆగుతుంది. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో థామస్ బెవిక్ అనే చెక్క అచ్చుల కళాకారుడు బాక్స్‌వుడ్ అనే గట్టి కట్టెను అలాగే అడ్డంగా కోసి, దాని మీద పిట్టల ఈకలు లెక్కపెట్టేంత సన్నగా చెక్కాడు. మన చింత మీద ఆ పని చేసి చూడాలని నా ఆశ. కాంట్రాక్టర్ దగ్గరికి పోయి రెండు బిళ్లలు అడిగాను, డబ్బులిస్తానన్నాను. "టెండర్ మాల్, ముట్టొద్దమ్మా" అన్నాడు. సాయంత్రానికి లారీలకెత్తారు. మొత్తం ఇటుక బట్టీలకు పోయింది. నాలుగు తరాలు పులుసు పెట్టిన చెట్లు రెండు రోజుల్లో బూడిదయ్యాయి. నాకు రెండు బిళ్లలు కూడా మిగల్చలేదు. చెట్టు కొట్టేటప్పుడు ఇటుకలకు అని రాసుకున్నారు, బొమ్మకు అని ఎవరూ రాసుకోలేదు.

ఈ డిపో ఆయన అన్న "ఇంత చిన్న ముక్క" కూడా నాకు ఆ రోజు మాటలాగే వినిపించింది. లారీ లోడు కొనేవాడికి నిజం చెప్తారు. రెండు ముక్కలు కొనేవాళ్లకు నోటికొచ్చింది చెప్తారు.

ఆ డిపోకు ఇక పోను. దేవరకొండ, నకిరేకల్, మిర్యాలగూడ వైపు ఎవరైనా పాత ఇల్లు పడగొడుతుంటే నాకు ఒక్క మెసేజ్ పెట్టండి. యాభై ఏళ్లు ఇంట్లో ఉన్న తలుపు చెక్కను మించి ఎండిన కట్టె ఎక్కడా దొరకదు. వాసాలు వద్దు, తలుపు రెక్కలు, అటక పలకలు చాలు. అడుగు వెడల్పు, అంగుళం మందం ఉంటే బాగుంటుంది. పాత రంగు ఉన్నా పర్వాలేదు, మేకులు నేనే పీక్కుంటాను. డబ్బులు ముందే పంపిస్తాను, ఆదివారం ఆటో మాట్లాడుకుని వచ్చి తీసుకెళ్తాను.