గొప్పదనమంతా గ్రాఫీన్‌దేనా?

గ్రాఫీన్ (కార్బన్ పరమాణువుల అతి పల్చటి పొర) "అద్భుత పదార్థం" అంటూ మళ్లీ ఓ వీడియో కనబడింది. ఉక్కు కంటే బలం, ఎలక్ట్రాన్లు దూసుకుపోతాయి, అదే పాట. దూసుకుపోతాయి సరే, దాన్ని దేని మీద పెడితే? అది మాత్రం ఒక్కరూ చెప్పరు.

ఒక్క పరమాణువు మందం ఉన్న పొరకు లోపలి భాగం అంటూ ఏముంటుంది? ఉన్నదంతా ఉపరితలమే. పైనా కిందా ఏది తగిలితే దాని ప్రభావం నేరుగా ఎలక్ట్రాన్ల మీదే పడుతుంది.

మొదట్లో గ్రాఫీన్‌ను సిలికాన్ డయాక్సైడ్ మీద పెట్టేవాళ్లు. అది గరుకు, పైగా అందులో ఇరుక్కున్న విద్యుత్ ఆవేశాలు. ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే మొబిలిటీ మామూలుగా 10,000 చుట్టుపక్కలే ఉండేది (యూనిట్ చదరపు సెంటీమీటర్/వోల్ట్-సెకను). 2010లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు బోరాన్ నైట్రైడ్ అనే నునుపైన స్ఫటికం మీద పెట్టి చూస్తే అది కొన్ని రెట్లు పెరిగింది. 2013లో పైనా కిందా బోరాన్ నైట్రైడ్‌తోనే మూసేసి, మధ్యలో పాలిమర్ తగలకుండా పేర్చి, కరెంటును అంచు నుంచి ఎక్కించారు. మామూలు గది వేడిలోనే 1,40,000! గ్రాఫీన్ అదే. మారినవి దాని ఇరుగుపొరుగు.

ఆ బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలను భారీ పీడనంలో పెంచేది జపాన్‌లోని త్సుకుబాలో వతనాబే, తనిగుచి. ప్రపంచంలో ఎన్నో ల్యాబులు వాళ్లు పంపే స్ఫటికాల మీదే నడుస్తున్నాయి. గ్రాఫీన్ మీద ప్రయోగాలకు గైమ్, నోవొసెలోవ్‌లకు 2010లో నోబెల్ వచ్చింది, న్యాయమే. కానీ వతనాబే, తనిగుచిల పేర్లు ఏ వీడియోలోనైనా విన్నారా?

అసలు కోపం ఇక్కడ. రెండు పొరలు పేర్చగానే మధ్యలో చిక్కుకున్న హైడ్రోకార్బన్ మురికి తనంతట తానే ఒకచోట చేరి బుడగలవుతుంది, ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ అంటించినప్పటిలా. మిగతా చోటు శుభ్రంగా ఉంటుంది. డివైజ్ కట్టేది ఆ బుడగల సందులో, కొన్ని మైక్రాన్ల జాగాలో. రికార్డు అంకె ఆ జాగాదే. ఇందులో మోసమేమీ లేదు, ఫిజిక్స్ తెలుసుకోవడానికి అదే సరైన పద్ధతి. కానీ ఆ అంకె పట్టుకుని "రేపటి చిప్పులు ఇవే" అంటే ఎలా? చిప్పులకు కావాల్సింది వేఫర్ (చిప్పులు తయారుచేసే పెద్ద సిలికాన్ పలక) మొత్తం. పెద్ద గ్రాఫీన్ షీట్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు వాడే పీఎమ్ఎమ్ఏ పాలిమర్ జిగురు ఎసిటోన్‌తో ఎంత కడిగినా పూర్తిగా పోదని ల్యాబులో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు.

అందుకే మొబిలిటీ అంకె వేసే ప్రతి పేపర్‌లో పేర్చిన పొరల దొంతర మొత్తానికీ ఏఎఫ్ఎమ్ (ఉపరితలం ఎత్తుపల్లాలను సూదిమొనతో తడిమి చూపే మైక్రోస్కోప్) ఫొటో, బుడగలతో సహా, తప్పనిసరి చేయాలంటాను. పేర్చినవాటిలో ఎన్ని పనికొచ్చాయో కూడా రాయాలి. ఫండింగ్ ఇచ్చేవాళ్లు కొత్త పదార్థం పేరు వినగానే ఎగబడకుండా, శుభ్రంగా పేర్చే పద్ధతులకూ, బోరాన్ నైట్రైడ్ పెంచేవాళ్లకూ కాస్త డబ్బివ్వాలి.