వల లేని నెట్ ప్రాక్టీస్

చేపలు పట్టకుండా ఉండటం ఎలా అనే విద్యను మొన్న మూడు రోజులు దగ్గరుండి నేర్చుకున్నాను. తేలిక అనుకునేరు. నేను పుట్టింది గోదావరి డెల్టాలో. వెదురుబద్దకి గాలం కట్టి, కాలవగట్టున పొద్దంతా కూర్చుని, ఒక్క చేపా లేకుండా ఇంటికొచ్చి అమ్మతో తిట్లు తిన్న రోజులు నాకు బోలెడు. కానీ దాన్ని ప్రాక్టీస్ అంటారని, దానికి ఆఫీసులో సెలవు పెట్టి, 250 హార్స్‌పవర్ మోటారు ఉన్న పడవేసుకుని వెళ్ళాలని అప్పట్లో చెప్పిన నాథుడు లేడు.

సంగతేమిటంటే, మా బావ నాష్‌విల్ నుంచి ఆ పడవని ట్రక్కు వెనక తగిలించుకుని వర్జీనియా వచ్చాడు. శనివారం పొటోమాక్ నది మీద బాస్ టోర్నమెంట్. బాస్ అంటే ఆఫీసులో ఉండేవాడు కాదు, చేప. నోరు పెద్దది, ఎదురుగా ఏది కదిలినా మింగబోతుంది, కాబట్టి పెద్ద తేడా కూడా లేదనుకోండి. బావ టెనసీలో ఆనకట్టల వెనక నిలవనీళ్ళలో ఆరితేరినవాడు, ఈ నది మొహం ఎప్పుడూ చూడలేదు. అందుకని బుధ, గురు, శుక్రవారాలు ప్రాక్టీస్. "ఆయనకి ఈత రాదురా, తోడుగా వెళ్ళు" అని అక్క ఫోన్ చేసింది, వెళ్ళాను.

ప్రాక్టీస్ అంటే చేపలు పడతారని మీలాగే నేనూ అనుకున్నాను. మహాపచారం. గురువారం గాలం గుచ్చుకున్న చేప శనివారం ఎర ముట్టదట. అందుకే బావ కటింగ్ ప్లయర్ తీసుకుని ఒక్కో గాలం మొనా లోపలికి వంచేశాడు, వంగనివాటికి టేప్ చుట్టాడు. ఇక చూడాలి. చేప ఎర పట్టుకుని గుంజుతుంది, బావ కళ్ళు మూసుకుని నాడి చూసే ఆయుర్వేద వైద్యుడిలా "ఉంది" అంటాడు, దారం వదులు చేస్తాడు, చేప దాని దారిన అది పోతుంది, బావ జీపీఎస్ మ్యాప్‌లో ఒక ఎర్రచుక్క పెడతాడు. శుక్రవారం సాయంత్రానికి ఆ మ్యాపు అమ్మవారు పోసిన మొహంలా తయారైంది.

పడవ ముందు భాగంలో ఒక తెర ఉంటుంది, అందులో నీటి కింద కదిలేవన్నీ అప్పటికప్పుడు కనిపిస్తాయి. అచ్చం స్కానింగ్ సెంటరే. "ఇదిగో తల, ఇది తోక, కదిలింది చూశావా" అని బావ చూపిస్తుంటే నాకు బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. అయినా "ఆ, అవునవును" అన్నాను, మా ఆవిడ స్కానింగ్ అప్పుడు కూడా అలాగే అన్నాను.

ఇందులో అన్నిటికంటే గొప్పది ఎవర్నీ ఏమీ అడగకూడదనే రూలు. పోటీదారుడు తెలియని నదిని తనంతట తానే తెలుసుకోవాలి, స్థానికుల దగ్గర కూపీ లాగకూడదు. దీనికి చరిత్ర ఉంది. 1971లో ఈ బాస్ పోటీలకి వరల్డ్‌కప్ లాంటి బాస్‌మాస్టర్ క్లాసిక్ మొట్టమొదటిసారి పెట్టినప్పుడు పోటీదారుల్ని విమానం ఎక్కించి, అది గాల్లోకి లేచాకే మనం వెళ్ళేది నెవాడాలో లేక్ మీడ్ అనే జలాశయానికి అని చెప్పారు. ప్రశ్నపత్రాలు పరీక్షకి ముందురోజే వాట్సాప్‌లో తిరిగే చోటు నుంచి వచ్చిన నాకు కళ్ళు చెమర్చాయి.

మేం పడవ దింపేది మేరీలాండ్‌లో స్మాల్‌వుడ్ స్టేట్ పార్క్ దగ్గర. ఆ రేవు పక్కనే బకెట్ బోర్లించుకుని దాని మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు, మూడు రోజులూ అదే బకెట్, అదే టోపీ. ఆయనకి తెలియని చేప ఆ నదిలో లేదు. బుధవారం ఆయన నోరు తెరవబోగానే బావ ఇయర్‌బడ్స్ పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. నేను పోటీలో లేను కాబట్టి నిలబడి విన్నాను. నీరు తీసేటప్పుడు, అంటే పోటు దిగేటప్పుడు, ఇక్కడే, ఈ కలువాకుల అంచున వెయ్యి, దూరం పోనక్కర్లేదు అన్నాడు. ఆ ముక్క బావకి చెప్పకూడదు. ఇంక మూడు రోజులు కడుపుబ్బరంతో పడవలో కూర్చున్నాను.

ఈ నది కూడా సామాన్యమైనది కాదు. నీళ్ళు మేరీలాండ్‌వి, అవతలి గట్టు వర్జీనియాది. నీళ్ళు తోడుకునే హక్కు మీద కొట్టుకుని 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, తెలుగువాళ్ళకి ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. దిగువన మాలోస్ బే అని ఉంది. మొదటి ప్రపంచయుద్ధం కోసం హడావుడిగా కట్టడం మొదలెట్టి, అవి సిద్ధమయ్యేలోగా యుద్ధమే అయిపోతే, ఆ తర్వాత అక్కడ తగలబెట్టి ముంచేసిన చెక్క ఓడల అస్థిపంజరాలు వంద పైనే ఉన్నాయి. తయారీ పూర్తయ్యేలోగా అసలు పని అయిపోవడం పొటోమాక్‌కి కొత్తకాదు. బావ అక్కడ పద్నాలుగు చుక్కలు పెట్టాడు.

గురువారం పొద్దున వంచడం మర్చిపోయిన గాలానికి ఏదో తగులుకుంది. లాగితే మన కొర్రమీను! సరిగ్గా చెప్పాలంటే మన కొర్రమీనుకి చైనా వైపు చుట్టం, స్నేక్‌హెడ్ అంటారు. 2004లో ఈ నదిలో బయటపడ్డప్పటి నుంచి దీని పేరు చెబితే ఇక్కడివాళ్ళకి హడల్. దొరికినదాన్ని ప్రాణంతో దగ్గర పెట్టుకుంటే నేరం. అదే బాస్ అయితే ప్రాణంతోనే తూకానికి తేవాలి, చచ్చిందంటే పావు పౌండు కోత, దానికోసం పడవలో ఆక్సిజన్ ఎక్కే తొట్టి కూడా ఉంటుంది. ఒకే పడవలో ఒకదానికి ఐసీయూ, ఇంకోదానికి ఉరిశిక్ష. జనం దీన్ని తింటారేమోనన్న ఆశతో మేరీలాండ్‌వాళ్ళు 2024లో చెసపీక్ చన్నా అని పేరు కూడా మార్చారు. శనగలకూర అనుకుని మోసపోయైనా తింటారని కాబోలు. కొర్రమీనుని రాష్ట్ర చేప చేసుకుని, మృగశిర కార్తెకి దాని పిల్లల్ని మింగడానికి నాంపల్లిలో క్యూ కట్టే జాతి ఒకటుందని వీళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. బావ మాత్రం దాన్ని చూసి మొహం చిట్లించాడు, ప్రాక్టీస్ పాడైందన్నాడు.

శనివారం వచ్చింది. ఇక్కడ ఒక చిన్న సంగతి. పొటోమాక్‌లో ఇక్కడిదాకా సముద్రం పోటు వస్తుంది, రోజుకి రెండుసార్లు నీరెక్కి దిగుతుంది, ఆ వేళ ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మా ఊళ్ళో పడవ నడిపే ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. గురువారం ఎనిమిదింటికి చేపలు గుంజిన చోటికి బావ శనివారం కూడా సరిగ్గా ఎనిమిదింటికే వెళ్ళాడు. నీళ్ళలో కదలిక లేదు. చేపలు మకాం మార్చాయని తేల్చి, గంటకి డెబ్భై మైళ్ళ వేగంతో రెండో చుక్కకి, అక్కణ్ణుంచి మూడో చుక్కకి, అలా సాయంత్రం దాకా మోటారుకి పెట్రోలు తాగించాడు. వెళ్ళిన ప్రతిచోటా ఆయన ఇటు తిరగడం, నీరు తీయడం మొదలవడం.

నేను గట్టు మీదే ఉన్నాను. ముసలాయన రెండో బకెట్ ఇచ్చాడు. పదింటికి కలువాకులు మెల్లగా నది వైపు వాలాయి, ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు, పది నిమిషాల్లో నాకు మూరెడు కొర్రమీను తగిలింది. చట్టాన్ని గౌరవించి అక్కడే దాని పని ముగించాం.

బావ అయిదు చేపలు తేవాల్సింది రెండు తెచ్చాడు, అందులో ఒకటి ఐసీయూలోనే పోయింది. రాత్రి మా ఇంట్లో పచ్చిమామిడికాయ వేసి పులుసు పెట్టాం. మాటామంతీ లేకుండా రెండు ముక్కలు, ఆపైన తలకాయ కూడా ముగించాక, "ఎక్కడ దొరికిందిరా ఇది?" అన్నాడు.

"నువ్వు పడవ దింపావే, ఆ పక్కనే బావా. నలభై గజాలుండదు."

ప్లేటు పక్కకి జరిపి, ఎంగిలి చేత్తోనే ఫోన్ తీసి, మ్యాప్‌లో ఇంకో చుక్క పెట్టాడు.