రీజెనరేటివ్ బ్రేకు గారికో విన్నపం

మహారాజశ్రీ రీజెనరేటివ్ బ్రేకు గారికి నమస్కరించి వ్రాయునది.

నా ఎలక్ట్రిక్ సైకిల్‌ని మోటారుతోనే నెమ్మదింపజేసి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపే తమరి సేవలోనే ఈరోజు మధ్యాహ్నమంతా గడిచిపోయింది. డిస్‌ప్లే బటన్లు నొక్కిపట్టి సెట్టింగుల్లోకి పోవడం, తమరి బలం ఎంతుండాలో చెప్పే అంకె మార్చడం, పల్లం దాకా వెళ్లి రావడం, మళ్లీ నొక్కడం. 1 పెడితే తమరు ఉన్నారో లేరో తెలీదు. 2 పెడితే లివర్ మీద వేలు ఆనీ ఆనకముందే ఎవరో వెనక నుంచి కాలర్ పట్టుకుని గుంజినట్టు ఆగుతారు. ఈ రెండింటికీ మధ్య ఇంకేమీ ఉండకూడదా అండీ? 3, 4, 5 ఎవరికోసమో అడగను, నాకు నా పళ్లు ముఖ్యం.

‘తొక్కుతుంటే అదే చార్జ్ అవుతుంది’ అని చెప్పి మిమ్మల్ని నాకు అంటగట్టారు. నేనూ బండీ కలిపి 100 కిలోలనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఉన్న శక్తి మొత్తం 0.67 వాట్ అవర్. 500 వాట్ అవర్ల బ్యాటరీ నిండాలంటే, ఏమీ వృథా పోకపోయినా 700 పైచిలుకు సార్లు ఆగాలి. పోనీ, ఆశపడ్డాం, వదిలేద్దాం.

నా కడుపుమంట వేరే. రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే పల్లం దిగుతుంటే తమరు మాయం! 48 వోల్టుల బ్యాటరీ ప్యాకు 54.6 దగ్గర నిండిపోతుంది, ఇంకా ఎక్కిస్తే సెల్స్ పాడవుతాయి, అందుకని మోటారును నడిపే కంట్రోలర్ తమరిని ఆపేస్తుంది. న్యాయమే. ఆ ముక్క ముందే చెప్పాలా, వద్దా? స్పీడు, టైము, లైటు బొమ్మ అన్నీ చూపించే డిస్‌ప్లేకి ‘ఇప్పుడు రీజెన్ లేదు’ అనడానికి నోరు రాదా? నిన్న సాయంత్రం లివర్ కొంచెం నొక్కితే బుద్ధిగా నెమ్మదించిన బండి, ఈ పొద్దున అంతే నొక్కితే జారిపోతూనే ఉంది. డిస్క్ బ్రేకు అందుకునేలోపు గుండె గొంతులోకి వచ్చింది. పల్లంలో పనికిరాని బ్రేకువి నువ్వెందుకయ్యా? చదును రోడ్డు మీద నిన్నెవడు అడిగాడు? పోనీ చివర్లోనైనా ఆపుతావా అంటే, నడక వేగానికి రాగానే చేతులెత్తేస్తావు. ఇరుసును ముందుకీ వెనక్కీ మెలిపెట్టి నట్టు వదులు చేసేది నువ్వు, ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ కొనాల్సింది నేను!

ప్యాడ్లు మాత్రం అరగనివ్వవు, ఆ మాట కాదనను. అందుకే నిన్ను ఆఫ్ చేయబుద్ధి కావట్లేదు. రేపటినుంచి 90 శాతం దగ్గరే ప్లగ్ పీకేస్తాను. ఆ పది నీకే, ఏం నింపుకుంటావో నింపుకో.

ఇట్లు,
డిస్క్ బ్రేకు మీద రెండు వేళ్లు వేసుకుని మాత్రమే పల్లం దిగే
తమ విధేయుడు