బెజవాడ ఎండకి లిక్విడ్ కూలరే దిక్కా?

ఎండలు ముదిరాయంటే వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది: "బెజవాడ, గుంటూరు ఎండల్లో గేమింగ్ పీసీకి 360 ఎంఎం లిక్విడ్ కూలర్ తప్పనిసరి. అది వేస్తే లోపల ఏసీ ఉన్నట్టే. మామూలు కూలర్‌తో 80 డిగ్రీలు దాటి ప్రాసెసర్ కాలిపోతుంది. ఏసీ గదిలో పెడితే చెమ్మ పట్టి బోర్డు పోతుంది. పెద్ద ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది." ఐదు మాటల్లో ఒక్కటీ నిలవదు. మొదటి రెండూ నమ్మి, డబ్బు కూలర్‌కి పెట్టి గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు తగ్గించుకునేవాళ్లున్నారు కాబట్టి వాటి సంగతే ముందు.

"లోపల ఏసీ ఉన్నట్టే": ఏసీలో కంప్రెసర్ ఉంటుంది. లిక్విడ్ కూలర్‌లో ఉండేది చిన్న పంపు, వేడిని గాలికి వదిలే రేడియేటర్ (360 ఎంఎం దీని సైజే), ఫ్యాన్లు. గది గాలికన్నా చల్లగా అది దేన్నీ చెయ్యలేదు. డాబా కింద గది సాయంత్రానికి 37 డిగ్రీలుంటే రేడియేటర్‌లోకి వెళ్లేదీ ఆ వేడి గాలే. జనవరిలో 25 డిగ్రీల గదిలో 68 చూపించిన ప్రాసెసర్ మేలో అటూ ఇటూగా 80 చూపిస్తుంది. ఆ 12 డిగ్రీల పెరుగుదల ఏ కూలర్‌కైనా తప్పదు.

"తప్పనిసరి": రైజెన్ 5 7600 ప్రాసెసర్ ఎంత గట్టిగా పనిచేసినా లాగేది 88 వాట్లు, ఆటల్లో అంత కూడా ఉండదు. నాలుగు హీట్‌పైపులు (వేడిని పైకి మోసే గొట్టాలు), 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్, అంటే గాలితోనే చల్లబరిచే నిలువు కూలర్ చాలు. కొనేముందు దాని ఎత్తు క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూసుకోవాలి, బిగించేముందు అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీసెయ్యాలి. ఆ పొర మర్చిపోయి "కూలర్ పనిచెయ్యట్లేదు" అని తిరిగి పట్టుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

అసలు పొయ్యి గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌టీఎక్స్ 5070 ఒక్కటే 250 వాట్లు. ప్రాసెసర్ మీద కూర్చున్న లిక్విడ్ కూలర్ దాని జోలికే పోదు. పైగా రేడియేటర్‌ని ముందువైపు బిగిస్తే ప్రాసెసర్ వేడి కార్డు మీదకి, పైన బిగిస్తే కార్డు వేడి రేడియేటర్‌లోకి. ఐ9 14900కే లాంటి 253 వాట్ల ప్రాసెసర్‌తో గంటల తరబడి వీడియో రెండరింగ్ చేసేవాళ్లకైతే లిక్విడ్ దండగ కాదు.

లిక్విడ్ కూలర్ మానేస్తే మిగిలిన డబ్బు గాలాడే క్యాబినెట్‌కి పెట్టాలి: ముందు జాలీ, లోపలికి రెండు ఫ్యాన్లు, వెనక బయటికి ఒకటి. ముందంతా అద్దమున్న క్యాబినెట్ షాపులో బాగుంటుంది. అడుగు నుంచో పక్క నుంచో గాలి లాగే ఫ్యాన్లు లేకపోతే మాత్రం కొనొద్దు. ఉన్న క్యాబినెట్‌ని పరీక్షించడం తేలిక. పక్క ప్యానెల్ తీసి ఇరవై నిమిషాలు ఆడండి. కార్డు వేడి ఐదారు డిగ్రీలకు మించి తగ్గితే తప్పు క్యాబినెట్‌దే. కంప్యూటర్ టేబుల్ కింద వెనక చెక్క కొట్టిన గూట్లో పెడితే మాత్రం ఏ కూలరూ కాపాడదు, వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది. జాలీ దుమ్ము మూడు వారాలకోసారి దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే విపరీతంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

"80 దాటితే కాలిపోతుంది": 7600కి కంపెనీ పెట్టిన హద్దు 95, 14900కేకి 100. హద్దు తగిలితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది.

"ఏసీ గదిలో చెమ్మ": నీటి బొట్లు పట్టేది గాలికన్నా చల్లగా ఉన్న వస్తువు మీద. నడుస్తున్న పీసీ ఎప్పుడూ గదికన్నా వేడిగానే ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది నీళ్లు పోసే రూమ్ కూలర్‌తో. దాని తడిగాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టకూడదు.

"పెద్ద ఎస్‌ఎంపీఎస్, పెద్ద బిల్లు": 750 వాట్లంటే ఇవ్వగలిగినంత, లాగేది కాదు. పార్టులు 400 వాట్లు అడిగితే, 90 శాతం సామర్థ్యమున్న ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి తీసుకునేది సుమారు 445. మన ఊళ్లో చూడాల్సింది ఆ వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందన్నది. 40 లేదా 50 డిగ్రీలని రాసి ఉన్నదే తీసుకోండి. 25 దగ్గర లెక్కకట్టిన 650 వాట్లు మే నెలలో 650 కావు. ఇదే సిస్టమ్‌ని 360 వాట్లిచ్చే 600 వీఏ యూపీఎస్‌కి తగిలిస్తే, ఆట మధ్యలో కరెంటు పోయిన క్షణాన యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది.