కట్నం అడగని చిన్నల్లుడికి మామగారి ఉత్తరం

చిరంజీవి లైనక్స్ అల్లుడు గారికి,

మీ మామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. కింద పట్టీలో డాలు బొమ్మ మీద ఎర్ర చుక్క లేదు కాబట్టి మీరూ క్షేమమేననుకుంటున్నాం.

కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌గా మీరు మా ఇంటికి ఇల్లరికం వచ్చి ఆరు నెలలైంది. ఇల్లంటే ఇల్లు కాదు, 2013 నాటి ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, గట్టిగా కొడితే గానీ పలకని స్పేస్ మీట. అందులో అప్పటికే పెద్దల్లుడు, కిటికీల వారి అబ్బాయి విండోస్ కాపురముంటున్నాడు. 2025 అక్టోబరు 14తో ఆయన పదో నంబరుకు మరమ్మతులు ఆపేశారు. పదకొండో నంబరు కావాలంటే ఇంట్లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలన్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లకు మళ్లీ కట్నం అడిగేవాడిని ఏమనాలి?

సరిగ్గా అప్పుడే మీ సంబంధం వచ్చింది. కట్నం వద్దు, లాంఛనాలు వద్దు, పెన్‌డ్రైవ్ ఎక్కి నేనే వచ్చేస్తానన్నారు. "ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మీరు" అని మీ అత్తగారు ఆ రోజే అంది. నేను వినలేదు. మీ వంశం వాకబు చేశాను.

తండ్రి లైనస్ టోర్వాల్డ్స్. హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు. ఓ ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, సరదాకేననీ, గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టంత పెద్దదేం కాదనీ 1991 ఆగస్టు 25న లోకానికి చెప్పుకున్నాడు. ఆ గ్నూని 1983లో ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ గారేమో, ఇంట్లో సామాను చాలావరకు మాదే కాబట్టి పిల్లాణ్ణి 'గ్నూ/లైనక్స్' అనే పిలవాలని పట్టుబడతారు. ఇంటిపేరు గొడవ లేని కుటుంబం ఎక్కడుంది లెండి. మీ వంశంలో రకరకాల శాఖలున్నాయి. మా ఇంటికొచ్చింది మింట్ శాఖ: డెబియన్ గారి మనవడు, ఉబుంటు గారి కొడుకు. 1993లో డెబియన్ మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్, అప్పటి ప్రియురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి దానికి పెట్టుకున్నాడు. ముచ్చటైన కుటుంబమే అనుకున్నాను. ఉద్యోగం సంగతి అడిగితే కళ్లు తిరిగాయి. ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే, 2017 నవంబరు నుంచి అన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌లోనూ మీరే. ఇంత ఉద్యోగస్థుడు పైసా కట్నం వద్దంటే అనుమానించాల్సింది.

అలక, అల్లుడు గారూ. జామాతా దశమగ్రహం అన్నారు గానీ, ఆ గ్రహానికి వైఫై కూడా ఉంటుందని పెద్దలకు తెలియదు. మామూలు పెళ్లిళ్లలో అలకపాన్పు ఒక్క పూటే. ఉంగరమో బండో ఇస్తే అల్లుడు దిగుతాడు. మీరు వచ్చిన రోజే వైఫై ఎక్కలేదు. డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని పలికించే సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. అది ఎక్కడుంది? నెట్‌లో. నెట్ ఎలా వస్తుంది? వైఫైలో. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. చివరికి నా ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి, టెథరింగ్ ఆన్ చేసి ఆ డ్రైవరేదో తినిపించాం. ఆ ఫోన్ కడుపులో ఉన్నదీ మీ కెర్నెలేనట, అంటే మీ గుండెకాయే. మీ అలక తీర్చడానికి మీ అన్నగారే రావాల్సి వచ్చిందన్నమాట.

తర్వాత తోడల్లుళ్ల గొడవ. ఇంట్లో ఉన్నది ఒక్కటే గోడగడియారం, మదర్‌బోర్డులో. మీరు దాన్ని గ్రీన్విచ్ టైముకు తిప్పి, మనసులో ఐదున్నర గంటలు కలుపుకుంటారు. పెద్దల్లుడికి ఆ లెక్కలు లేవు, గోడ మీద ఎంత ఉంటే అంతే. ఓ సోమవారం మధ్యాహ్నం, అన్నం తిని, మీ అత్తగారు కరెంటు బిల్లు కడదామని పెద్దల్లుడి వైపు వెళ్లింది. అసలు టైము 1:10. మూలన 7:40 అని ఉంది.

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం" అంది.

"ఇప్పుడే కదే పెరుగన్నం తిన్నాం" అన్నాను.

"తిన్నాం. కానీ రాహుకాలం అని కళ్లబడ్డాక డబ్బులెలా కట్టను?"

బిల్లు ఆ రోజు కట్టలేదు. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అనే మంత్రం నాకు దొరికేసరికి గురువారమైంది. అది కొట్టాక మీరు ఒప్పుకున్నారు గానీ, ఇలా చేయడం మంచిది కాదని చిన్న హెచ్చరిక కూడా చదివించారు. మా ఇంట్లో ఉంటూ!

ఇక ప్రింటర్. దీని గురించి రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. మేనల్లుడు రాత్రి తొమ్మిదిన్నరకు హాల్‌టికెట్ పంపాడు, పొద్దున్నే ఇంటర్ పరీక్ష. ప్రింట్ కొట్టాను. 'పూర్తయింది' అన్నారు. కాగితం రాలేదు. మళ్లీ కొట్టాను, మళ్లీ పూర్తయిందన్నారు. ప్రింటర్ పచ్చలైటు వెలిగించుకుని గోడ కేసి చూస్తోంది. మీ ప్రింటింగ్ వ్యవహారాలు చూసే కప్స్ అనే ఆయన 631 నంబరు పోర్టులో కూర్చుంటారని తెలిసి, బ్రౌజర్‌లో అక్కడికీ వెళ్లాను. ఆయన రిజిస్టరులో నా పనులు ఏడు, ఏడూ పూర్తయ్యాయి. పనులన్నీ కాగితాల మీదే పూర్తి చేసే ఆఫీసరు గుర్తొచ్చాడు నాకు. టెన్షన్‌తో రెండుసార్లు కేబుల్ పీకాను. చివరికి వీధి చివర జిరాక్స్ షాపు మూసేవాణ్ణి బతిమాలి, పది రూపాయలిచ్చి తీయించాను. సంగతేమిటంటే, ఆ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఎప్పటిదో, 32 బిట్ల లైబ్రరీలనే పాతకాలపు సామాను అడుగుతోంది. అది తెలియడానికి రెండు ఆదివారాలు పట్టింది. తప్పు మీది కాదని నాకూ తెలుసు. కానీ అంగారకుడి మీద హెలికాప్టర్ ఎగరేసినవారు మా హాల్లో ప్రింటర్ దగ్గర చతికిలపడితే చుట్టాల్లో ఏం చెప్పుకోను?

మీ తరఫు పెద్దల్ని సలహా అడగడం అంతకన్నా తప్పు. ఒకాయన మింట్ తీసేసి మీ వంశంలోనే ఫెడోరా శాఖ పెట్టుకో అన్నాడు, ఇంకొకాయన ఆర్చ్ శాఖ అన్నాడు. ఇల్లు కారుతోందంటే ఊరు మారమనే రకం.

మీ మంచీ చెప్పాలి. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన శుభలేఖ ఫైలు తెరిస్తే తెలుగు బదులు టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి నిజమే, ఆ ఫాంట్లు యూనికోడ్ కాకపోతే మీరేం చేస్తారు. డెబియన్ తాతగారి సంచిలో పోతన2000, వేమన2000 ఫాంట్లున్నాయని తెలిసి మీ అత్తగారు మెత్తబడింది. నేను ఏదో కెలికి బొమ్మ రాకుండా చేసుకున్న రోజు, టైమ్‌షిఫ్ట్ అనే మీ పనిముట్టుతో ఇల్లంతా నిన్నటి సాయంత్రానికి తిప్పి పెట్టి, ఒక్క మాటా అనలేదు. పెద్దల్లుడైతే పని మధ్యలో అప్‌డేట్ అంటూ తలుపేసుకునేవాడు. మీరు అడిగి చేస్తారు. స్లీప్‌లో పడుకోబెడితే ఒక్కోసారి లేవరు, అది వేరే.

కట్నం మీరు తీసుకోలేదు. ఆదివారాలు మాత్రం లెక్క చూస్తే పద్దెనిమిది అయ్యాయి. సంక్రాంతికి మీకు కొత్తబట్టలు పెట్టాలా, 8 జీబీ ర్యామ్ పెట్టాలా అని మీ అత్తగారు అడుగుతోంది. వీలు చూసుకుని చెప్పగలరు.

ఇట్లు,
మీ మామ

తా.క.: ఈ ఉత్తరం ప్రింట్ తీసి ల్యాప్‌టాప్ మూత మీద పెడదామనుకున్నాను. పూర్తయిందని అంటున్నారు. కాగితం ఇంకా రాలేదు.